లారీ ధర ఎక్కడ తెగుతుంది

కిరాణా కొట్టులో అమ్మే సబ్బు బిళ్ల మీదా, బిస్కట్ పొట్లం మీదా పన్నులన్నీ కలుపుకొని గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసి తీరాలన్న నియమం భారతదేశంలో 1990లో వచ్చింది. ఆ ఒక్క అంకె వల్ల పది రూపాయల వస్తువు కొనే మనిషికి కొంత రక్షణ దొరికింది గాని, ముప్ఫై లక్షలు పోసి కొత్త లారీ కొనే మనిషికి అటువంటి రక్షణ ఏదీ లేదు. కంపెనీ ప్రకటించే ధర ఒకటి ఉంటుంది; అయితే అది బేరం మొదలయ్యే చోటేగాని తెగే చోటు కాదని ఇరుపక్షాలకూ తెలుసు. అక్కడి నుంచి ఎంత దిగాలన్నది మోడల్‌ను బట్టి, నెలను బట్టి, కొనేవారి పరపతిని బట్టి, ఒక్కోసారి వారి ముఖంలో కనిపించే ఆత్రాన్ని బట్టి కూడా మారుతుంది. ఒకే డీలరు దగ్గర ఒకే నెలలో ఒకే మోడల్ కొన్న ఇద్దరు యజమానులు వేర్వేరు ధరలు చెల్లించి ఉండవచ్చు, ఆ సంగతి వారిలో ఏ ఒక్కరికీ ఎన్నటికీ తెలియకపోనూవచ్చు. ఇటువంటి అమ్మకంలో న్యాయమైన ధర అంటే ఏమిటి, దాన్ని ఎవరు ఏ కొలతతో తేల్చాలి అన్న ప్రశ్న పైకి కనిపించినంత చిన్నది కాదు.

ప్రశ్న మాత్రం పాతదే. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో వర్తకులపై నిఘా గురించి చెప్పేచోట, అనుమతించిన కొనుగోలు ధర మీద దేశీయ సరుకుకు నూటికి ఐదు, పరదేశపు సరుకుకు నూటికి పది వంతున లాభం నిర్ణయించి, అంతకు మించి పిండినవారికి దండన విధించమంటుంది. అక్కడ న్యాయానికి కొలత అమ్మేవాని ఖర్చు. పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ ఇదే విషయాన్ని వేరే వైపు నుంచి చూశాడు: వస్తువును వదులుకోవడం వల్ల అమ్మేవానికి నష్టం కలిగితే ఆ మేరకు ధర పెంచవచ్చు గాని, కేవలం కొనేవానికి అది అత్యవసరమన్న కారణంతో పెంచకూడదని, ఎందుకంటే ఆ అవసరం అమ్మేవాని సొత్తు కాదని ఆయన వాదన. లారీ వ్యాపారానికి వచ్చేసరికి కౌటిల్యుని కొలత పని చేయడం కష్టం. రాజోద్యోగి వర్తకుని లెక్కలు చూడగలడు. లారీ కొనేవారు డీలరు లెక్కలు చూడలేరు, పైగా అమ్మకాల లక్ష్యాలను బట్టి, మందకొడి మోడళ్లను బట్టి తయారీ కంపెనీ డీలరుకు ఇచ్చే తోడ్పాటు నెలనెలా మారుతూ ఉండటంతో ఆ లెక్కకు స్థిరత్వమూ ఉండదు. అక్వినాస్ చూపిన గీత అలా కాదు. అది ఈనాటికీ పనికివస్తుంది, ఎందుకంటే షోరూములో వినిపించే ప్రతి తగ్గింపునూ, ప్రతి బిగింపునూ అది రెండుగా విడదీస్తుంది: అమ్మేవారి నిజమైన ఖర్చు నుంచి పుట్టినది ఒకటి, కొనేవారి అవసరాన్ని పసిగట్టడం నుంచి పుట్టినది మరొకటి.

పసిగట్టడంలో రెండు పక్షాలూ సమానం కావు. అమ్మే ఉద్యోగి నెలనెలా ఇదే బేరం ఆడుతూ ఉంటాడు. చిన్న యజమాని ఐదారేళ్లకో పదేళ్లకో ఒకసారి ఆడతాడు. దేశంలో సరుకు లారీల్లో అత్యధిక భాగం ఐదుకు మించి బండ్లు లేని చిన్న యజమానుల చేతుల్లోనే ఉన్నదన్న సంగతిని గుర్తు చేసుకుంటే, ఈ అసమానత ఒకరిద్దరి ఇబ్బంది కాదని, మొత్తం వ్యాపారపు స్వభావమని అర్థమవుతుంది. పూర్వం పశువుల సంతల్లో దళారులు తువాలు కింద చేతులు దూర్చి వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు. చుట్టూ మూగినవారికి వినపడకూడదని ఆ ఏర్పాటు. అయితే అక్కడ దాచినది ధరను మాత్రమే; ఎద్దు పళ్లు విప్పి చూడటం, సుళ్లు చూడటం, నడిపించి చూడటం రైతుకూ వచ్చు, బేరగానికీ వచ్చు. లారీ షోరూములో బండి గుణగణాలన్నీ రంగుల కరపత్రంలో బహిరంగంగా ఉంటాయి, తువాలు మాత్రం ఒక పక్షం చేతుల మీదే కప్పి ఉంటుంది. ధర ఎవరిని చూసి ఎలా మారుతుందో కొలిచి చూపిన పరిశోధన ఒకటి అమెరికాలో జరిగింది. న్యాయశాస్త్ర ఆచార్యుడు ఇయన్ ఐర్స్ షికాగో ప్రాంతంలో కొత్త కార్లు అమ్మేచోట్లకు పరీక్షకులను పంపి, అందరిచేతా ఒకే తీరులో బేరం ఆడించి, 1991లో ఫలితాలు ప్రకటించాడు. మాట ఒకటే అయినా తెల్లజాతి పురుషులకు చెప్పిన ధర కన్నా స్త్రీలకూ నల్లజాతివారికీ చెప్పిన ధర ఎక్కువగా తేలింది. తెలుగు జిల్లాల్లో అటువంటి పరీక్ష చేస్తే ఏ గీతల వెంట తేడా బయటపడుతుందో ఊహించడం పెద్ద కష్టం కాకపోవచ్చు: యాభై బండ్లున్న ట్రాన్స్‌పోర్టు యజమానికి కుర్చీ చూపించి చెప్పే ధరా, నిన్నటిదాకా డ్రైవరుగా ఉండి కూడబెట్టుకున్న సొమ్ముతో తొలి బండి కొనడానికి వచ్చిన మనిషికి నిలబెట్టి చెప్పే ధరా ఒకటి కావు. పది బండ్లు కలిపి కొనేవారికి తక్కువ ధర ఇవ్వడం వ్యాపార ధర్మమే. తొలి బండి కొనేవారికి ధర తెలియదు కాబట్టి ఎక్కువ చెప్పడం ఆ ధర్మంలోకి రాదు.

అసలు ఏ వస్తువుకు ధర కడుతున్నారన్నది కూడా ఇక్కడ తేలికగా తేలదు. కారు కొన్నవారు తాళం తీసుకుని ఇంటికి నడుపుకొని వెళతారు. లారీల్లో చాలా మోడళ్లను ఇప్పటికీ చాసిస్‌గా, అంటే ఇంజను, చక్రాలు, ఇరుసులు, చట్రం మాత్రమే ఉన్న అస్థిపంజరంగానో, దాని మీద క్యాబిన్ బిగించిన రూపంలోనో కొంటారు. సరుకు మోసే తొట్టిని, అంటే బాడీని, విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల గాని, తమిళనాడులోని నామక్కల్ వంటి చోట్ల గాని విడిగా కట్టించుకుంటారు. కంపెనీయే బాడీతో సహా అమ్మే బండ్లు ఈ మధ్య పెరిగాయి. విడిగా కట్టించే పద్ధతిలో ఒక బేరం రెండవుతుంది, రెండో బేరానికి కొలతలే వేరు. ఉదాహరణకు, బాడీకి వాడే ఇనుము మందం పెంచితే బండి గట్టిగా కనిపిస్తుంది గాని, ఆ బరువు అంతా మోయదగిన సరుకులోంచి పోతుంది. బండీ సరుకూ కలిపి రోడ్డు మీద ఉండదగిన స్థూల బరువును చట్టం నిర్ణయిస్తుంది. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచడంతో, అంతకు ముందు పాతిక టన్నులుగా ఉన్న పది చక్రాల బండ్లు ఇరవై ఎనిమిది టన్నులకు చేరాయి. ఆ పరిమితిలోంచి ఖాళీ బండి బరువు తీసివేయగా మిగిలిందే కిరాయి తెచ్చే బరువు. కాబట్టి ఐదు వందల కిలోలు బరువెక్కువ ఉన్న బాడీని పదివేలు తక్కువకు కట్టించుకున్న యజమాని, నిబంధన ప్రకారం నడిపినంత కాలం, ప్రతి ట్రిప్పులోనూ అర టన్ను కిరాయిని వదులుకుంటాడు. నిబంధన మీరి నడిపే సంగతి వేరు. అది ఈ వ్యాసం పరిధిలోది కాదు, అయితే చాలామంది బేరం వెనుక మౌనంగా దాగి ఉండే అంచనా అదేనని చెప్పక తప్పదు.

చాసిస్ ధరకు తిరిగి వస్తే, షోరూము కాగితం మీద రెండు మొత్తాలు కనిపిస్తాయి. ఎక్స్-షోరూమ్ ధర అంటే వస్తుసేవల పన్నుతో కలిపి బండి ధర. ఆన్-రోడ్ ధర అంటే దానికి బీమా, రిజిస్ట్రేషన్, రవాణా శాఖ పన్ను, పర్మిట్ రుసుము, ఇంకా చిల్లరమల్లర ఖర్చులు కలిపి బండి రోడ్డెక్కే నాటికి అయ్యే మొత్తం. బేరం సాధారణంగా ఈ రెండో మొత్తం మీద జరుగుతుంది, అక్కడే కొనేవారు దెబ్బతింటారు. ఎందుకంటే ఆ మొత్తంలో బేరానికి లొంగేవీ లొంగనివీ కలిసి ఉంటాయి. ప్రభుత్వానికి కట్టే రుసుములు ఎవరు కట్టినా ఒకటే. పది లక్షలు దాటిన వాహనం మీద డీలరు వసూలు చేసే ఒక శాతం ఆదాయపు పన్ను నిజానికి ఖర్చే కాదు, రిటర్ను దాఖలు చేసినప్పుడు యజమాని ఖాతాలో జమపడుతుంది. దాన్ని కూడా ధరలో కలిపి చూపి, తరువాత అంత మేరకు తగ్గించినట్టు మాట్లాడితే అది తగ్గింపు కాదు. బీమాలో రెండు భాగాలున్నాయి. ప్రమాదంలో ఇతరులకు జరిగే నష్టానికి చేసే థర్డ్ పార్టీ బీమా ప్రీమియాన్ని స్థూల బరువు తరగతుల వారీగా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కనుక ఏ కంపెనీ దగ్గరైనా అది మారదు. సొంత బండికి జరిగే నష్టానికి చేసే బీమా మీద మాత్రం 2007 నుంచి నిర్ణీత ధరలు ఎత్తివేశారు కాబట్టి దాని మీద తగ్గింపు అడగవచ్చు, నచ్చకపోతే బయట చేయించుకోవచ్చు. డీలరు ద్వారానే బీమా తీసుకుంటే చాసిస్ మీద మరో ఇరవై వేలు తగ్గిస్తామన్న మాట వినిపించినప్పుడు, ఆ ఇరవై వేలు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి వెళుతున్నాయో బయటి బీమా కొటేషన్ ఒకటి పక్కన పెట్టుకుంటే గాని తెలియదు. ఇక టార్పాలిన్, స్టెప్నీ టైరు, మ్యూజిక్ సిస్టమ్ వంటి కొసర్ల విషయానికి వస్తే, వాటికి ఉన్న ఆకర్షణ వాటి విలువకు మించినది. లక్షల దగ్గర పట్టు సడలించినవారు కొసరు దగ్గర గంటసేపు వాదించి తృప్తిగా లేచి రావడం ఈ వ్యాపారంలో నిత్యం కనిపించే దృశ్యం.

అయితే వీటన్నిటినీ కలిపినా అప్పు దగ్గర జరిగేదానికి సాటిరావు. నగదు పెట్టి లారీ కొనేవారు తక్కువ; అధికశాతం యజమానులు బ్యాంకుల దగ్గరో, వాహన రుణాలిచ్చే ఫైనాన్స్ కంపెనీల దగ్గరో అప్పు చేసి, నెలనెలా కంతులు కడతారు. బేరం మధ్యలో అమ్మే ఉద్యోగి ఎంతో సౌమ్యంగా వేసే ప్రశ్న ఒకటుంది: నెలకు ఎంత కట్టగలరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన క్షణం నుంచి బండి ధర అనేది చర్చలోంచి అదృశ్యమవుతుంది. ఇరవై లక్షల అప్పును నాలుగేళ్లకు, నూటికి ఆరు వంతున ఫ్లాట్ వడ్డీకి తీసుకున్నారనుకుందాం. ఫ్లాట్ వడ్డీ అంటే తీర్చిన అసలును లెక్కలోకి తీసుకోకుండా మొదటి రోజు అప్పు మీదనే చివరిదాకా వేసే వడ్డీ. ఆ లెక్కన వడ్డీ 4 లక్షల 80 వేలు, కంతు సుమారు 51,667 రూపాయలు. తగ్గుతున్న నిల్వ మీద వడ్డీ వేసే బ్యాంకు పద్ధతిలోకి మార్చి చూస్తే ఇది ఏడాదికి దాదాపు పదకొండు శాతం. ఆరు అని వినిపించినది పదకొండు అవుతుందన్నమాట, ఇందులో అబద్ధం ఎవరూ ఆడలేదు. కంతు బరువుగా ఉందని కొనేవారు నసిగితే గడువును ఐదేళ్లకు పెంచుతారు. కంతు 43,333కు దిగి ప్రాణానికి హాయిగా ఉంటుంది, మొత్తం వడ్డీ మాత్రం ఆరు లక్షలకు చేరుతుంది. నాలుగేళ్ల గడువులోనే ఫ్లాట్ వడ్డీ అర శాతం అటూఇటూ అయితే తేడా నలభై వేలు. మూడు రోజులు తిరిగి, ఇద్దరు పెద్దమనుషులతో చెప్పించుకుని, చాసిస్ మీద సాధించిన ముప్ఫై వేల తగ్గింపు ఆ అర శాతంలో కరిగి, ఇంకా పదివేలు ఎదురు బాకీ పడుతుంది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి చిల్లర రుణాలకూ, చిన్న పరిశ్రమలకూ వ్యాపారాలకూ ఇచ్చే కాలపరిమితి రుణాలకూ, రుణం ఇచ్చే సంస్థ ముఖ్యాంశాల పత్రం ఇచ్చి, రుసుములన్నీ కలుపుకొన్న వార్షిక రేటును అందులో చూపాలి. కొనేవారికి దొరికిన ఆయుధాల్లో ఇది అన్నిటికన్నా పదునైనది, బహుశా అందుకే సంతకాల కట్టలో అడుగున ఉంటుంది. రెండు ఫైనాన్స్ సంస్థల నుంచి ఆ పత్రాన్ని ముందే తెప్పించుకుని, అప్పు సంగతి తేలేదాకా దాన్ని బండి ధరతో ముడిపెట్టనివ్వని యజమాని, గొంతు పెంచి బేరమాడే యజమాని కన్నా ఎక్కువ మిగుల్చుకుంటాడు.

న్యాయం ఒక పక్షానికే చెందినది కాదు కాబట్టి డీలరు వైపు నుంచి కూడా చూడాలి. యార్డులో నిలబడి ఉన్న ప్రతి బండి మీదా డీలరు ఎక్కడో వడ్డీ కడుతూనే ఉంటాడు. డిసెంబరు దాటగానే ఆ బండి గత సంవత్సరపు తయారీ అవుతుంది. తయారీ నెల, సంవత్సరం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటాయి కనుక, రేపు అమ్మబోయినప్పుడు ఒక ఏడాది పాతబడిన బండిగానే లెక్కకు వస్తుంది. అందువల్ల జనవరిలో పాత సంవత్సరపు బండి మీద వచ్చే తగ్గింపు నిజమైన తగ్గింపే అయినా, అందులో కొంత భాగం కొనేవారి భవిష్యత్తులోంచి తీసి ఇచ్చినదే. మార్చి నెలాఖరు తగ్గింపు వేరే రకం. ఆ నెలలో ఏడాది లక్ష్యాలు పూర్తి కావాలి, వాటి మీద డీలరు ప్రోత్సాహకమూ ఉద్యోగి ప్రోత్సాహకమూ ఆధారపడి ఉంటాయి, కాబట్టి బండి కదలడంలో వారికే ప్రయోజనం ఉంది. ఆ ప్రయోజనంలో వాటా అడగడం ఏ నీతికీ విరుద్ధం కాదు. కాకపోతే మార్చిలో వినిపించే ఇంకొక మాటను మాత్రం జాగ్రత్తగా వినాలి. ఈ నెలలో కొంటే ఆదాయపు పన్నులో తరుగుదల కలిసివస్తుందంటారు. తరుగుదల అంటే వాహనం అరిగే విలువను ఖర్చుగా చూపి లాభంలోంచి తీసివేసే సదుపాయం. కిరాయికి నడిపే లారీల మీద అది ఏడాదికి ముప్ఫై శాతం, ఆ ఆర్థిక సంవత్సరంలో నూట ఎనభై రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగం. పెద్ద కంపెనీకి ఈ మాట నిజం. పదికి మించి లారీలు లేని యజమానులకు చట్టం వేరే దారి ఇచ్చింది: స్థూల బరువు పన్నెండు టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు వెయ్యి రూపాయల వంతున ఆదాయం వచ్చినట్టు భావించి పన్ను కట్టేయవచ్చు, అప్పుడు ఖర్చుల లెక్కలు చూపనక్కరలేదు, తరుగుదల కూడా అందులోనే వచ్చేసినట్టు లెక్క. ఈ దారిలో నడిచే చిన్న యజమానికి మార్చి నెల తరుగుదల ఒరగబెట్టేది ఏమీ లేదు. తనకు వర్తించని లాభం కోసం తొందరపడటం కన్నా అన్యాయమైన ధర మరొకటి ఉండదు.

పన్నుల సంగతి వచ్చింది కాబట్టి, ఏ బేరగాడూ సాధించలేని తగ్గింపు ఒకటి 2025 సెప్టెంబర్ 22న దానంతట అదే వచ్చిన విషయం ప్రస్తావించాలి. ఆ రోజు నుంచి సరుకు రవాణా వాహనాల మీద వస్తుసేవల పన్ను ఇరవై ఎనిమిది శాతం నుంచి పద్దెనిమిదికి తగ్గింది. పన్నుకు ముందు పాతిక లక్షలున్న బండి ముప్ఫై రెండు లక్షల నుంచి ఇరవై తొమ్మిదిన్నరకు దిగింది. రెండున్నర లక్షలు. అయితే ఆ తగ్గింపు అందరికీ ఒకే బరువు కాదు. తానే పన్ను వసూలు చేసి కట్టే పద్ధతి ఎంచుకున్న పెద్ద రవాణా సంస్థ, బండి కొన్నప్పుడు కట్టిన పన్నును తరువాత తాను కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకుంటుంది. దానికి పన్ను రేటు ఎంతైనా అంతిమంగా ఖర్చు కాదు. చిన్న యజమాని సాధారణంగా తన బండిని ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీకి అద్దెకు పెడతాడు. ఆ సేవకు పన్ను మినహాయింపు ఉంది, మినహాయింపు ఉన్నచోట సర్దుబాటు హక్కు లేదు. పైకి మేలుగా కనిపించే ఆ మినహాయింపు వల్ల, బండి మీద కట్టిన పన్ను అంతా అతని పెట్టుబడిలోనే మిగిలిపోతుంది. ఒకే ఇన్వాయిస్, ఒకే అంకె, అయినా ఇద్దరు కొనుగోలుదారులకు బండి నిజమైన ధర లక్షల తేడాతో పడుతుంది. దీన్ని డీలరు చేయలేదు, డీలరు సరిచేయలేడు. కాని న్యాయమైన ధర అనేది ఇన్వాయిస్ మీద వెతికితే దొరకదని ఇంతకన్నా స్పష్టంగా చూపే సాక్ష్యం ఉండకపోవచ్చు.

ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు ఈ వ్యాపారంలో తల పండినవారు చెప్పే జవాబు ఒకటే: కిలోమీటరు దగ్గర. లారీ అలంకారం కోసం కొనే వస్తువు కాదు. అది కిరాయి సంపాదించే పనిముట్టు. దాని ధర ఎక్కువా తక్కువా అన్నది, అది తిరిగే ప్రతి కిలోమీటరుకూ ఎంత తెస్తుంది, ఎంత తింటుంది, చివరికి అమ్మితే ఎంత వస్తుంది అన్న మూడు లెక్కల మీదనే తేలుతుంది. నెలకు ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే రెండు వేల లీటర్ల డీజిలు తాగుతుంది. నాలుగుంపావు ఇస్తే సుమారు నూట పద్దెనిమిది లీటర్లు మిగులుతాయి. లీటరు తొంభై ఐదు రూపాయలనుకుంటే నెలకు పదకొండు వేలు, ఏడాదికి లక్షా ముప్ఫై వేలకు పైగా. చాసిస్ మీద యాభై వేలు తగ్గించిన బండి పావు కిలోమీటరు తక్కువ ఇస్తే ఆ తగ్గింపు ఐదు నెలల్లో తీరిపోతుంది. అందుకే మోడల్ ఎంపిక సరుకును బట్టి జరగాలి: కైకలూరు, ఆకివీడు ప్రాంతాల నుంచి ఐసు వేసిన చేపల పెట్టెలతో బెంగాల్‌కూ అస్సాంకూ పరుగెత్తే బండికి ఆగకుండా నడవడమే ప్రాణం కాబట్టి దారిపొడవునా సర్వీసు దొరికే కంపెనీకి కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు, చీమకుర్తి గ్రానైటు దిమ్మెలను రేవుకు చేర్చే బండికి దూరం తక్కువ, బరువు ఎక్కువ కనుక ఇరుసు, స్ప్రింగుల సత్తువ ముఖ్యం. ఈ లెక్కలు ముందే వేసుకుని వచ్చిన కొనుగోలుదారుకు ఇంతకు మించి ఇవ్వలేనన్న హద్దు మనసులో కాగితం మీద గీసినంత స్పష్టంగా ఉంటుంది, ఆ హద్దు డీలరు మొదట చెప్పిన ధర నుంచి పుట్టినది కాదు. ముందు విన్న అంకె చుట్టూనే ఆ తరువాతి అంచనాలన్నీ తిరుగుతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974 నాటి తమ వ్యాసంలో వివరించిన బలహీనతకు, సొంత లెక్కలోంచి వచ్చిన అంకె కన్నా మంచి విరుగుడు లేదు.

ఈ లెక్కలో ఒక గడి మాత్రం యజమాని చేతిలో ఉండదు. అది కిరాయి. షోరూములో కొనుగోలుదారుగా గౌరవం పొంది, కొటేషన్లు తిప్పి, రెండు కంపెనీలను పోటీపెట్టి బండి తెచ్చుకున్న మనిషి, వారం తిరగకుండా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు లోడు కోసం నిలబడతాడు, అక్కడ బేరంలో అతనిది దిగువ వైపు. బండి ఖాళీగా నిలబడితే కంతు ఆగదు. ఆ సంగతి బ్రోకరుకు తెలుసు. అక్వినాస్ నిషేధించిన పని, అంటే ఎదుటివాని అవసరాన్ని సొమ్ము చేసుకోవడం, అక్కడ అమ్మకం రూపంలో కాక కొనుగోలు రూపంలో జరుగుతుంది. తిరుగు ప్రయాణానికి సరుకు దొరక్కపోతే డీజిలు ఖర్చు వస్తే చాలునని ఒప్పుకునే కిరాయిలే ఇందుకు ఉదాహరణ. విడివిడిగా గెలవలేనివారు సంఘాలుగా కూడి ధర నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి, వాటికీ పరిమితులున్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని దాడ్‌లాఘాట్, బర్మాణాలలో సిమెంటు మోసే లారీ యజమానుల సహకార సంఘాలు దీర్ఘకాలంగా కిరాయి రేటును ఉమ్మడిగా నిలబెట్టుకుంటూ వచ్చాయి. రవాణా ఖర్చు ఎక్కువైందని చెబుతూ రెండు సిమెంటు కర్మాగారాల యాజమాన్యం 2022 డిసెంబరు మధ్యలో ఉత్పత్తి నిలిపివేసింది. వేల లారీలు కొండ దారుల పక్కన ఆగిపోయాయి. రెండు నెలలు దాటిన తరువాత 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వం మధ్యవర్తిత్వంతో టన్నుకు కిలోమీటరుకు ఆరు చక్రాల బండ్లకు రూ.10.30, అంతకు పెద్ద బండ్లకు రూ.9.30గా రాజీ కుదిరింది. పాత రేట్ల మీద అది సుమారు పదో వంతు తక్కువ. పాత రేటు ప్రకారం కిలోమీటరు లెక్క వేసుకుని, అప్పటి షోరూములో అప్పటికి న్యాయమైన ధరకే బండి కొన్న యజమానులు అక్కడ ఉన్నారు. బండ్లు ఆగిన రెండు నెలల కంతులూ, తగ్గిన కిరాయితో కట్టవలసిన మిగతా కంతులూ పాత అంకెల్లోనే ఉన్నాయి.